ఎరుపు సలహా

1. డిసెంబరు 3

ఈ చలికాలం కూడా బండి నమోదు పుస్తకం నాకే అప్పగించారు. మంచుబండి నడిపేవాళ్ళు రోజూ రాయవలసింది కొంచెమే. రోడ్డు మీది మంచు ఎక్కడిదాకా తోశాం, ఎంత లోతు ఉంది, ఉప్పు ఎంత చల్లాం, బండిలో ఏమైనా విరిగిందా. నాకు అక్కడితో చెయ్యి ఆగదు. ఆఫీసువాళ్ళు ఎలాగూ మొదటి వరుస తప్ప చదవరు.

ఇవాళ తోయడానికి ఏమీ లేదు. బండి ముందరి పలకకు పట్టిన తుప్పు గీకి గ్రీజు పూశాను. కింద నక్కలమెట్ట నుంచి ఉప్పు లారీ వచ్చింది. బస్తాలు దించుతూ కూలీలు నవ్వారు. "ఇంతుప్పు ఆవకాయక్కూడా ఎయ్యరమ్మా" అన్నాడొకడు.

పైన చింతగుమ్మి నుంచి నక్కలమెట్ట దాకా ఘాట్ రోడ్డంతా నా పూచీ. మా అమ్మ ఇదే కొండ మీద కాఫీ పళ్ళు కోసింది. ఆకాశానికి తెర వేసిన మూడో ఏడు కాఫీ మొక్కలన్నీ నల్లగా మాడిపోతే నరికి పొయ్యిలో పెట్టుకున్నాం. వాటి నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ చెట్లు మాత్రం రోడ్డుకు రెండు వైపులా మిగిలాయి. తెర వేసింది మైదానాలను ఎండ నుంచి కాపాడడానికి. కాపాడింది కూడా. దాని ఖరీదు మా కొండల మీద తెల్లగా కురిసింది.

అంతకుముందు మాకు మంచు అంటే పొద్దున్నే పట్టే పొగమంచే. ఇప్పుడు కురిసేదానికి పేర్లు మేమే పెట్టుకున్నాం. పొడిగా రాలేది పిండి. గరగరలాడేది రవ్వ. పెద్ద రేకులుగా దిగేది దూది. పిండిని బండి ఇట్టే ఊదేస్తుంది. రవ్వ పలకను అరగదీస్తుంది. దూది చూడడానికి అందంగా ఉంటుంది గానీ దాని బరువుకు చెట్లు విరుగుతాయి. మైదానం జనం వచ్చేది దూది కోసమే.

సాయంత్రం వాతావరణ కేంద్రం బులెటిన్ అయ్యాక ఈ ఏటి మొదటి "మబ్బు కబుర్లు" మొదలుపెట్టాం. కబుర్లంటే, ముగ్గురం ఎవరి చోటు నుంచి వాళ్ళం రేడియోలో కలుసుకుని కేంద్రం చెప్పినదాన్ని చీల్చి చెండాడడం. పాంగి దానియేలుకు చింతగుమ్మిలో లాడ్జి ఉంది. చర్చిలో వాక్యం చదివే గొంతు, మంచంటే పిచ్చి. తులసమ్మ టీచరు బళ్ళో సైన్సు చెప్పి రిటైరై ఘాట్‌లో ఏడో మలుపు దగ్గర ఒంటరిగా ఉంటారు. మూడోదాన్ని నేను, వంతల కాంతమ్మను. మొదట్లో వినేది మా కొండవాళ్ళే. నిరుటి నుంచి మైదానంలో వేలమంది వింటున్నారట. దానియేలు చెబితే నాకు నమ్మకం కుదరలేదు గానీ ఉప్పు లారీ డ్రైవరు నా గొంతు గుర్తుపట్టాడు.

ఈ నెలలో ఒకటి రెండు మంచు తుపాన్లకు అవకాశం ఉందని కేంద్రంలో సత్యవేణి గారు చదివారు. తొమ్మిదేళ్ళుగా ఆవిడ గొంతే.

"సత్తివేణమ్మ మంచుని నెయ్యి లాగ ఒడ్డిస్తాదప్పా. ఒకటి రెండంటే నాలుగనుకోండి" అన్నాడు దానియేలు. అక్కను అప్పా అనడం అతని వాడుక.

"అవకాశం అన్నారు దానియేలూ. వస్తాయనలేదు" అన్నారు టీచరు.

"అవకాశమేటి టీచరమ్మా, నా మోకాలు సెప్తంది."

మోకాలును కూడా కేంద్రంలో ఉద్యోగానికి పెట్టుకోమని నేనన్నాను. అలా గడిచింది.

2. డిసెంబరు 11

కేంద్రం ఎరుపు హెచ్చరిక ఇచ్చింది. రేపటికి మూరెడు మంచు అని. ఎరుపు ఇస్తే నక్కలమెట్టలో గేటు దించాలి, కింది బండి పైకి రాకూడదు. గేటు గొలుసుకు నేనే తాళం వేసి వచ్చాను.

కబుర్లలో దానియేలును పట్టడం ఎవరి తరం కాలేదు. "మూరెడు కాదు. నడుం లోతు పడతాది. ఇలాటి మబ్బు తెర ఏసిన కొత్తలో ఒక్కసారే సూసినాను. రేపు మా లాడ్జి తలుపు తీస్తే ఎదురుగా గోడే" అన్నాడు. అతను సంతోషంతో వణకడం రేడియోలోనే తెలుస్తోంది. లాడ్జి ఖాళీగా పడి ఉంటుందన్న చింత కూడా అతనికి లేదు. మంచు పిచ్చివాళ్ళు అంతే. పెళ్ళి కోసం ఎదురుచూసినట్టు తుపాను కోసం చూస్తారు. నేనూ అంతే. బండికి పని దొరుకుతుందని ఒక వంక చెప్పుకుంటాను గానీ, కిటికీలోంచి మొదటి రేకు కనబడితే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

3. డిసెంబరు 12

చల్లటి వాన పడింది. అంతే. తుపాను సముద్రం మీద ఉండగానే ఒడిశా వైపు వంగిపోయింది.

గది బుక్ చేసుకుని రాలేకపోయినవాళ్ళు సత్యవేణి గారి కన్నా దానియేలును ఎక్కువ తిట్టారు. ఎవరో అతని మాటలకు డప్పు కలిపి పాటగా కట్టి పంపారు: నడుం లోతు, నడుం లోతు. అది కొండంతా పాకింది. టీ దుకాణం దగ్గర లాడ్జీల సంఘం అధ్యక్షుడు బొడ్డేటి ఈశ్వరరావు గారు అందరి ముందూ అడిగారు. "ఏరా దానియేలు, నువ్వు లాడ్జీ నడుపుతున్నావా, లాడ్జీలు మూయిస్తన్నావా?"

దానియేలు నవ్వేసి ఊరుకున్నాడు. కానీ టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

4. డిసెంబరు 20

మళ్ళీ ఎరుపు. గేటు దించాను. ఈసారి కబుర్లలో దానియేలు గొంతు వేరుగా ఉంది.

"ఇది కూడా వొంగిపోద్ది. మొన్నటి దానికీ దీనికీ తేడా ఏటుంది? అదే దారి, అదే గాలి. సత్తివేణమ్మ గారు కొండ ముఖం సూడకుండా అద్దాల గదిలో కూకుని ఎర్రరంగు పూసేస్తన్నారు" అన్నాడు.

"గాలి కొంచెం తేడాగానే ఉంది" అన్నారు టీచరు.

"కొంచెమంటే ఎంత టీచరమ్మా?"

టీచరు లెక్క చెప్పబోయి మానేశారు. ఆవిడకు ఖాయంగా తెలియనిది చెప్పే అలవాటు లేదు.

5. డిసెంబరు 21

తుపాను వంగిపోయింది. మా మీద ఆకాశం ఉతికిన పంచెలా ఉంది. సాయంత్రం కబుర్లు వినేవాళ్ళు రెట్టింపయ్యారని దానియేలు చెప్పాడు. నడుం లోతు పాట కట్టినవాళ్ళే దానియేలు పేరు మీద ఇంకో పాట కట్టారు. మొదటిదాని కన్నా ఇది బాగుంది.

6. డిసెంబరు 24

డివిజను అధికారి దగ్గర మీటింగు. లాడ్జీల సంఘం అడిగి పెట్టించింది. మంచుబండి తరఫున నన్నూ పిలిచారు. సత్యవేణి గారు తీరంలోని కేంద్రం నుంచి స్పీకరులో మాట్లాడారు.

ఈశ్వరరావు గారు మర్యాదగానే మొదలుపెట్టారు. "అమ్మా, కాఫీ పోయింది, మిరియం పోయింది. ఈ కొండకి మిగిలింది ఈ రెండు నెల్లు. మీరు రెండుసార్లు ఎరుపన్నారు, రెండుసార్లూ రోడ్డు మూసేసినారు. మంచేది?"

"పదిసార్లు ఎరుపు ఇస్తే ఆరుసార్లు నిజమవుతుందండి. ఏ ఆరో నాకు ముందుగా తెలీదు" అన్నారు ఆవిడ.

"తెలీనప్పుడు రోడ్డు మూయించడం దేనికండీ?" అన్నాడు అధికారి.

"తెలీదు కాబట్టే."

అధికారి నవ్వాడు. తెలివైన మాట విన్నప్పుడు నవ్వినట్టు కాదు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు కాంతమ్మా? రోజూ రోడ్డు మీద ఉండేది నువ్వు."

రోడ్డు ఖాళీగా ఉంటే నాకు సుఖమేనని, కానీ ఖాళీ రోడ్డు ఎవరి పొట్టా నింపదని అన్నాను. అందరూ తలలూపారు. రెండు వైపులా సరిపడే మాట చెప్పి కూర్చున్నాను.

తీర్మానం రాశారు. ఇకపై ఎరుపు సలహా మాత్రమే. గేటు దించరు. వచ్చేవాళ్ళు తమ ఇష్టంతో, తమ బాధ్యతతో రావచ్చు.

7. డిసెంబరు 30

సత్యవేణి గారు బులెటిన్ ఒక్కసారి చదివి ఆపేస్తారు. ఇవాళ మూడుసార్లు చదివారు. రేపు మధ్యాహ్నం నుంచి ఎల్లుండి ఉదయం వరకు చింతగుమ్మి ఘాట్‌లో అతి భారీ మంచు, మూరెడు పైన. ఎరుపు సలహా. దయచేసి ప్రయాణాలు మానుకోండి.

కబుర్లు మొదలవగానే దానియేలు ఆవిడ గొంతు పెట్టి, ముక్కుతో సాగదీసి, "దయచేసీ" అన్నాడు. కేంద్రం బులెటిన్‌లో ఆ మాట మేమెప్పుడూ వినలేదు. నేను పడీ పడీ నవ్వాను. టీచరు కూడా నవ్వారు.

"మూడోసారి ఎర్రసీర కట్టుకొచ్చిందప్పా" అన్నాడు దానియేలు. "ఇది కూడా ఒడిశాకే. మనకి తోకే తగుల్తాది. జానెడు దూది. కొత్త సంవత్సరానికి దేవుడు పంపినట్టు. పిల్లల్తో సహా వొచ్చీయండి, మా కొండ సూసెల్లండి."

"నువ్వేమంటావు కాంతమ్మా" అన్నారు టీచరు.

"ఇప్పటిదాకా రెండుసార్లూ దానియేలే గెలిచాడు కదండీ" అన్నాను.

"మీరేటంటారు టీచరమ్మా?" అన్నాడతను.

టీచరు కిటికీ తెరిచారు కాబోలు, గాలి చప్పుడు వినబడింది. "ఈసారి నాకు తెలీదు దానియేలూ. తుపాను దారి చూస్తే వంగుతుందనిపిస్తుంది. గాలి చూస్తే వంగదనిపిస్తుంది. నాకు తెలీదు."

"టీచరమ్మకే తెలీదంటే సత్తివేణమ్మకేం తెలుస్తాది" అని దానియేలు ముగించాడు.

8. జనవరి 2

నిన్న రాయలేకపోయాను. వరుసగా రాస్తాను.

ముప్పై ఒకటిన పొద్దున్నుంచే బండ్లు ఎక్కాయి. మైదానంవాళ్ళ బ్యాటరీ బండ్లు మా చలికి మొరాయిస్తాయి కనుక అందరూ చెరుకు సారాయితో నడిచేవి అద్దెకు తెచ్చుకుంటారు. ఘాటంతా బెల్లం కాగిన వాసన. మధ్యాహ్నానికి పిండి మొదలైంది. జనం బండ్లు ఆపి దిగి ఫొటోలు తీసుకున్నారు. పిండి మీద దూది పడింది, దూది మీద మళ్ళీ దూది. వంగవలసిన తుపాను వంగలేదు.

నేను చింతగుమ్మి నుంచి బండి తీశాను. రెండో మలుపు దాటగానే సిల్వర్ ఓక్ ఒకటి రోడ్డుకు అడ్డంగా విరిగి పడింది. రంపంతో కోసి పక్కకు తోశాం. దాని వెనక ఇంకోటి. నాతో ఉన్న రోడ్డు కూలీలు చేతులు కొయ్యబారినా ఆపలేదు. తోసిన దారి వెనకే పూడిపోయింది. చీకటిపడ్డాక పలక పిన్ను విరిగింది. దాన్ని బాగుచేసుకుని కదిలేసరికే తెల్లారింది.

ఏడో మలుపు దగ్గర మొదట బండ్లు కనబడలేదు. రోడ్డు మీద తెల్లటి గుట్టలు వరుసగా ఉన్నాయి. బెల్లం వాసన మాత్రం వస్తోంది. చాలా బండ్ల ఇంజన్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వెచ్చదనం కోసం ఆపలేదు. మంచు పెరిగి పొగగొట్టాలు మూసుకుపోయాయి. పొగ లోపలికే వెళ్ళింది.

అద్దం పగలగొట్టి చూస్తే నిద్రపోతున్నట్టే ఉన్నారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఒకావిడ తన శాలువా సగం భర్త మోకాళ్ళ మీద కప్పింది. వెనక సీట్లో పులిహోర డబ్బా మూత తీసి ఉంది. నేను ఆయన భుజం పట్టి కుదిపి, "లెగండి, బండి వచ్చింది, లెగండి" అన్నాను. అదే మాట ఎన్ని బండ్ల దగ్గర అన్నానో.

ఇరవై మూడు మంది. దానియేలు లాడ్జి హాల్లోనే పడుకోబెట్టారు. అక్కడిదాకా మోసుకెళ్ళినవాళ్ళలో దానియేలు కూడా ఉన్నాడు. చివరి మనిషిని దించాక గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, ఎవరు పిలిచినా ఇటు తిరగలేదు.

9. జనవరి 5

టీచరును నక్కలమెట్ట ఆసుపత్రిలో చూశాను. రెండు చేతులకూ కట్లు. కుడిచేతి వేళ్ళ కొసలు తీసేశారు.

బండ్లు ఇరుక్కుపోగానే ఆవిడ ఒక్కొక్క అద్దం తట్టి, ఇంజను ఆపి తన ఇంటికి రమ్మని పిలిచారట. వచ్చినవాళ్ళు బతికారు. రెండు గదుల ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా కూర్చున్నారట. ఆవిడ మళ్ళీ మళ్ళీ బయటికెళ్ళారు.

"కొందరు అద్దం దించలేదు. ఏదో అమ్మడానికి వచ్చాననుకున్నారు" అన్నారు టీచరు. "ఒకాయన కొంచెం దించాడు. మర్యాదస్తుడు. 'దానియేలు గారు జానెడే అన్నారు కదండీ, తగ్గిపోతుందిలెండి' అన్నాడు. ఆ కబుర్లలో నేనూ ఉన్నాను బాబూ, నా మాట వినండి, తులసమ్మను అన్నాను. గొంతు గుర్తుపట్టాడు కాంతమ్మా. చాలా సంతోషపడ్డాడు. 'మీరు తెలీదన్నారు కదండీ టీచరు గారూ' అన్నాడు."

నీళ్ళ గ్లాసు ఆవిడ నోటికి అందించాను. తాగి, "నిజంగా తెలీదు. కానీ నాకు తెలీకపోవడం ఆయనకు ధైర్యమైంది" అన్నారు.

ఇక కబుర్లకు రానన్నారు. రమ్మని నేనూ అడగలేదు. మొదలుపెట్టే ఉద్దేశం ఎవరికి ఉంది కనుక.

10. జనవరి 19

నక్కలమెట్ట బడి హాల్లో విచారణ. రాజధాని నుంచి పెద్దమనిషి వచ్చారు. ఏడో మలుపులో పోయినవాళ్ళ చుట్టాలు ముందు వరుసల్లో కూర్చున్నారు.

సత్యవేణి గారిని మొదటిసారి చూశాను. గొంతును బట్టి పొడుగాటి మనిషి అనుకున్నాను. పొట్టిగా, కళ్ళద్దాలతో, చీర కొంగు భుజాల చుట్టూ గట్టిగా చుట్టుకుని, మా చలికి ముడుచుకుపోయి ఉన్నారు.

"ఎరుపు రెండుసార్లు తప్పింది. మూడోసారి జనం నమ్మరని మీరు ఊహించలేదా?" అని అడిగారు పెద్దమనిషి.

"ఊహించానండి. అందుకే మూడుసార్లు చదివాను."

"జరగబోయేది ఊహించడమే కదమ్మా మీ ఉద్యోగం. మూడుసార్లు చదివితే చాలని ఎలా అనుకున్నారు?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ముందు వరుసలో ఒక ముసలాయన, "ఈవిడ సరిగ్గా చెప్పుంటే మా వాడు వచ్చేవాడు కాడు" అని ఏడ్చాడు. సరిగ్గా చెప్పిన మనిషి ఆవిడ ఒక్కరేనని ఆయనకు ఎవరు చెప్పాలి?

దానియేలు వంతు వచ్చింది. తల దించుకుని, తను తప్పు చెప్పానన్నాడు. పెద్దమనిషి మెత్తగా మాట్లాడారు. "మీరు ఉద్యోగి కారు. సరదాకు మాట్లాడుకున్నారు. మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టడం లేదు." దానియేలు అలాగే నిలబడిపోయాడు. తప్పు పడితే బాగుండునని ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు.

నన్ను పిలిచినప్పుడు చెట్ల సంగతి, పిన్ను సంగతి చెప్పాను. "ఆ రోజు గేటు ఎత్తి ఉందండి" అన్నాను. "మొదటి రెండుసార్లు దించాం. మూడోసారి దించలేదు. దించకూడదని ఇరవై నాలుగో తారీకున తీర్మానం చేశారు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను."

"అది ఈ విచారణ పరిధిలోకి రాదమ్మా. బండి గురించి చెప్పు" అన్నారు.

అధికారి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఈశ్వరరావు గారు పోయినవాళ్ళ చుట్టాలకు టీలు అందిస్తున్నారు. నిజంగా బాధపడుతూనే అందిస్తున్నారు. అదే నాకు మింగుడుపడలేదు.

11. ఫిబ్రవరి 4

నివేదిక వచ్చింది. హెచ్చరిక ప్రజలకు చేరే తీరులో లేదట. సత్యవేణి గారిని దక్షిణాన ఉప్పుమడుల దగ్గరి స్టేషనుకు బదిలీ చేశారు. ఇక మీదట బులెటిన్‌ను ప్రజలకు నమ్మకమున్న గొంతుతో చదివించాలని సూచించారు. ఎరుపు సలహాగానే ఉంటుంది.

12. ఫిబ్రవరి 6

పొద్దున్న బస్సులో సత్యవేణి గారు చింతగుమ్మి వచ్చారు. చెప్పా పెట్టకుండా వచ్చి, మంచుబండి ఎక్కడుంటుందని అడుగుతూ షెడ్డు దగ్గరికి వచ్చారు.

"ఆ మలుపు చూడాలి. చూపిస్తారా?"

బండిలో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. రోడ్డు పక్కన పాత మంచు మురికిపట్టి ఉంది. ఏడో మలుపు దగ్గర దిగి, ఆవిడ వంగి దాన్ని చేత్తో తాకారు. అరచేతిలోకి కొంచెం తీసుకుని, కరిగేదాకా చూశారు.

"తొమ్మిది చలికాలాలు దీని గురించే చెప్పాను. చూడడం ఇదే మొదటిసారి" అన్నారు.

నేను ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాను. రోడ్డు గోడ మీద కూర్చున్నాం. ఎక్కడెక్కడ బండ్లు ఆగాయో అడిగారు. చూపించాను. టీచరు ఇల్లు చూపించాను. ఆవిడ అన్నీ చూశారు.

"ఒకటి అడుగుతాను. ఆ రోజు నా బులెటిన్ విన్నాక మీ కబుర్లలో ఏమనుకున్నారు? నేను వినలేకపోయాను. ఆ సమయంలో మళ్ళీ లెక్కలు చూస్తూ ఉన్నాను, ఎక్కడైనా తప్పు ఉంటే బాగుండునని."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మీటింగులో చెప్పినట్టు రెండు వైపులా సరిపడే మాట ఒకటి నోటిదాకా వచ్చింది.

"దయచేసి అన్నారు కదండీ. ఆ మాటకు నవ్వాం" అన్నాను.

ఆవిడ తల ఊపారు. "బులెటిన్‌లో ఆ మాట ఉండకూడదు. రూలు. ఉన్న మాటలన్నీ అంతకుముందు రెండుసార్లు వాడేశాను. కొత్తది ఇంకేం దొరకలేదు."

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు, ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సిందా అని ఆవిడ అడుగుతారని భయపడ్డాను. అడగలేదు. బస్సెక్కుతూ, "పలక పిన్ను ఇంకోటి దగ్గర ఉంచుకోండి" అన్నారు.

13. ఫిబ్రవరి 12

దానియేలు షెడ్డుకు వచ్చాడు. కొత్త కోటు. కేంద్రంలో బులెటిన్ చదివే ఉద్యోగం అతనికిచ్చారు.

"వొద్దన్నాను అప్పా. రెండుసార్లు వొద్దన్నాను. నువ్వు సెప్తే జనం వింటారన్నారు."

"ఆ రోజూ విన్నారు కదా దానియేలూ."

అతని మొహం తెల్లబోయింది. వంగి బండి టైరుకు పట్టిన ఉప్పు వేలితో గీకాడు. నేనన్న మాట వెనక్కి తీసుకోలేదు. అతను దుర్మార్గుడు కాదు. నా కన్నా ఎక్కువ ఏడ్చినవాడు. అయినా తీసుకోలేదు.

"రాసేది పైవోళ్ళు. నేను సదువుతాను, అంతే" అన్నాడు చివరికి. "ఎరుపు రాసిచ్చినప్పుడు ఎరుపే సదువుతాను. పేనం పోయినా మార్చను."

"రాసివ్వకపోతే?"

కోటు కాలరు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

14. ఫిబ్రవరి 20

దానియేలు మొదటి బులెటిన్. గొంతు ఎంత బాగుందో. రేపు చింతగుమ్మి ఘాట్‌లో జానెడు లోపు దూదిమంచు కురిసే అవకాశం, ప్రయాణికులు తగిన జాగ్రత్తలతో రావచ్చు. ఎరుపు కాదు, దానికన్నా తక్కువదైన పసుపు.

గాలినీ తుపాను దారినీ చూపే కేంద్రం పటాలు బండిలోని యంత్రంలో నేరుగా అచ్చవుతాయి. ఇవాళ్టిది చూశాను. తుపాను దారి డిసెంబరు ముప్పై ఒకటిన ఉన్నట్టే ఉంది. గాలి కూడా అలాగే ఉన్నట్టుంది. నేను టీచరును కాను, సత్యవేణి గారిని అసలే కాను. ఇది వంగవచ్చు. వంగకపోవచ్చు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన టీచరును అడుగుదామని వెళ్ళాను. పటం ఆవిడ ముందు పెట్టాను. కట్ల చేతులతో దాన్ని దూరంగా నెట్టారు.

"నాకు తెలీదు కాంతమ్మా. తెలీనప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఇప్పుడు తెలుసు. అది నా చేతుల్లో లేదు" అన్నారు.

15. ఫిబ్రవరి 21

తెల్లవారగానే బండిని నక్కలమెట్టకు దించి గేటు దగ్గర రోడ్డుకు అడ్డంగా నిలబెట్టాను. పలక కిందికి దించి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్నాను.

మొదటి బండి వచ్చి హారను కొట్టింది. తర్వాత నాలుగు. తర్వాత వెనక ఎంతదాకా ఉన్నాయో కనబడలేదు. బెల్లం వాసన కమ్మేసింది. జనం దిగి వచ్చారు.

"ఏమైందమ్మా, బండి చెడిపోయిందా?"

"లేదండి. పైన మంచు పడుతుంది. వెనక్కి వెళ్ళండి."

"పసుపే కదా ఇచ్చారు. దానియేలు గారే చెప్పారు."

"విన్నానండి. వెనక్కి వెళ్ళండి."

ఈశ్వరరావు గారు వచ్చి బతిమాలారు, తర్వాత తిట్టారు. అధికారి ఫోనులో అరిచాడు, ఉద్యోగం ఉండదన్నాడు. బండి కదిలించగలవాళ్ళు ఇంకెవరూ లేరు. ఒకాయన నా మొహం మీదికి వచ్చి, కొండవాళ్ళకు కొవ్వెక్కిందన్నాడు. ఒక ముసలావిడ మాత్రం, మనవరాలికి మంచు చూపిద్దామని ఎంత దూరం నుంచో వచ్చామమ్మా అంది. ఆవిడ మాటకే నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. తాళం పట్టుకుని అలాగే ఉంచాను.

మధ్యాహ్నమైంది. దానియేలు రేడియోలో పిలిచాడు. అధికారిక గొంతు కాదు, పాత గొంతే. "అప్పా, ఇక్కడ పటంలో వొంగిపోతున్నట్టే ఉంది. బండి తీసీ. నిన్ను బతకనివ్వరు."

"నువ్వు ఖాయంగా చెప్పగలవా?"

అతను మళ్ళీ "వొంగిపోతున్నట్టే ఉంది" అన్నాడు. రేడియో కట్టేశాను.

సాయంత్రానికి ఆకాశం తేటపడింది. తుపాను ఒడిశా వైపు వంగిపోయిందని కేంద్రం ప్రకటించింది. చింతగుమ్మిలో ఒక్క రవ్వ కూడా పడలేదు. ఎవరో నా బండి అద్దం మీద వేలితో ఏదో బూతు రాశారు. మంచు ఎక్కడమ్మా అని ఒకడు అడిగితే చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను చెప్పింది తప్పు.

రేపు తాళం అప్పజెప్పమన్నారు. కనుక ఇది నా చివరి నమోదు. రోడ్డు తోయలేదు. మంచు లేదు. ఉప్పు చల్లలేదు. బండిలో ఏమీ విరగలేదు.

పొద్దుగూకే వేళ బండ్లు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. తిట్టుకుంటూనే తిరిగాయి. చివరి బండి కనుమరుగయ్యేదాకా గేటు దగ్గర నిలబడి చూశాను. అందరూ ఇళ్ళకు వెళ్ళారు.